కొత్తగా చేరిన సిస్టర్లకు వార్డు కంప్యూటర్ పాఠం

తిరుపతిలో నేను ఇన్‌చార్జిగా ఉన్న మెడికల్ వార్డుకు కొత్త స్టాఫ్ నర్సులు వచ్చినప్పుడల్లా మొదటి రోజే ఒక మాట అడుగుతారు. "అక్కా, నాకు కంప్యూటర్ సరిగ్గా రాదు. బయట ఎంఎస్ ఆఫీస్ కోర్సులో చేరమంటారా?" వద్దంటాను. ఫోన్‌లో డబ్బులు పంపి, బస్ టికెట్ బుక్ చేసుకునే అమ్మాయికి మౌస్ పట్టుకోవడం కొద్ది రోజుల్లో వచ్చేస్తుంది. టైపింగ్ నెమ్మదిగా ఉన్నా ఫర్వాలేదు. నేను చూసేవి వేరే. తెరిచింది ఆ పేషెంట్ ఫైలేనా, వేసిన టైమ్ నిజమైన టైమేనా, అంకెకు తగ్గ యూనిట్ ఉందా, రాయాల్సిన గడిలోనే రాశారా. ఈ నాలుగూ చేతికి అలవాటైతే మిగతాది మెల్లగా వస్తుంది. మీరు వేసిన అంకెను చూసి మందు మార్చే డాక్టరు ఆ సమయానికి మంచం పక్కన ఉండకపోవచ్చు. ఓపీలో ఉంటారు, ఇంకో బ్లాకులో ఉంటారు, రాత్రయితే ఇంట్లో ఉంటారు. ఆయనకు కనిపించే పేషెంట్ మీరు రాసిన పేషెంటే.

2021లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ బీఎస్సీ నర్సింగ్‌ను సెమిస్టర్ పద్ధతిలోకి మార్చినప్పుడు, రెండో సెమిస్టర్‌లోనే నర్సింగ్ ఇన్ఫర్మాటిక్స్‌ను ఒక సబ్జెక్టుగా పెట్టింది. మంచి పని చేసింది. అయితే అంతకుముందు చదివినవాళ్ళం వార్డుల్లో ఇంకా చాలామందిమి ఉన్నాం. మాకు ఈ పని ఎవరూ వరసగా చెప్పలేదు. పక్కవాళ్ళను చూసి నేర్చుకున్నాం, వాళ్ళ మంచి అలవాట్లతో పాటు చెడ్డ అలవాట్లూ వచ్చేశాయి. అందుకే ఇక్కడ డ్యూటీ నడిచే తీరులోనే రాస్తున్నాను. మీ ఆసుపత్రిలో సాఫ్ట్‌వేర్ ఏదైనా, బటన్ల పేర్లు మారతాయి గానీ పని ఇదే.

ముందు మనిషిని పోల్చుకోవాలి

మన చిత్తూరు, తిరుపతి వైపు పేర్ల సంగతి మీకు తెలుసు. మునెమ్మ, మునిరత్నం, మునస్వామి, మునికృష్ణ, మునిరాజా. ఒకే వార్డులో ఇద్దరు ముగ్గురు మునెమ్మలు ఉండటం మామూలే. సెర్చ్ గడిలో నాలుగక్షరాలు కొడితే స్క్రీన్ నిండా వాళ్ళే. కనబడిన మొదటి పేరు మీద క్లిక్ చేసే అలవాటుంటే ఎప్పుడో ఒకరోజు ఒక మునెమ్మ షుగర్ రీడింగ్ ఇంకో మునెమ్మ ఫైల్లో పడుతుంది. ఆ అంకెను చూసి ఇన్సులిన్ వేస్తారు. అందుకే ఈ ఒక్క విషయం దగ్గర నేను చాలా గట్టిగా ఉంటాను.

పుట్టినతేదీతో సరిచూసుకుందామంటే అదీ పూర్తిగా నమ్మకూడదు. పల్లెల నుంచి వచ్చే పెద్దవాళ్ళలో చాలామందికి ఆధార్‌లో సంవత్సరం అంచనాగా వేసి, జనవరి 1 అని రాసి ఉంటుంది. పీలేరు మునెమ్మకూ, పాకాల మునెమ్మకూ ఇద్దరికీ 01-01-1960 అని ఉండొచ్చు. కాబట్టి ఆసుపత్రి ఒక్కొక్క పేషెంట్‌కు ఇచ్చే యూహెచ్ఐడీ నంబరే మీకు ఆధారం. చేతి పట్టీ మీద ఉన్న నంబరును, స్క్రీన్ మీద నంబరును పైకి చదివి కలపండి. మనసులో చదివితే కన్ను మోసం చేస్తుంది, పైకి చదివితే తేడా చెవికి పట్టుబడుతుంది. తరవాత రెండో గుర్తు అడగండి. "నీ పేరు మునెమ్మేనా?" అని అడగొద్దు. చెవుడున్నవాళ్ళు, నొప్పితో ఉన్నవాళ్ళు, డాక్టర్ల ముందు భయపడేవాళ్ళు దేనికైనా ఊ అనేస్తారు. "పేరేంది పెద్దమ్మా? ఏ ఊరు?" అని వాళ్ళ నోటితోనే చెప్పించండి. ఇంటాయన పేరు చెప్పడానికి మొహమాటపడే పెద్దావిడలు ఇంకా ఉన్నారు. అప్పుడు వెంట ఉన్న కొడుకునో కోడలినో అడగండి. బెడ్ నంబరును మాత్రం ఎప్పుడూ గుర్తుగా తీసుకోవద్దు. ఫ్యాన్ కింద బెడ్ ఖాళీ అయిందని, బాత్రూమ్ దగ్గరని పొద్దున్నుంచి సాయంత్రానికి బెడ్లు మారిపోతుంటాయి, కంప్యూటర్‌లో మాత్రం పాత బెడ్డే ఉంటుంది.

స్పెల్లింగ్ ఇంకో చిక్కు. లక్ష్మి అన్న పేరును ఇంగ్లీషులో కొందరు కె, ఎస్, హెచ్ పెట్టి రాస్తారు, కొందరు ఎక్స్ పెట్టి రాస్తారు. సుబ్రహ్మణ్యం పేరుకు నాలుగైదు స్పెల్లింగులు ఉంటాయి. పోయినసారి వచ్చినప్పుడు ఒకలా రాసి, ఇప్పుడు ఇంకోలా వెతికితే "రికార్డు లేదు" అని వస్తుంది. కౌంటర్‌లో కొత్త నంబరు ఇచ్చేస్తారు. అంతే, పాత రిపోర్టులు, ఏ మందు పడదో రాసిన వివరం, పాత ఈసీజీ అన్నీ పాత నంబరు కిందే ఉండిపోతాయి. వార్డులో మనం చేయగలిగింది ఏమిటంటే, "ఇంతకుముందు ఇక్కడికి వచ్చారా?" అని అడగడం. వచ్చామంటే పేరుతో వెతకడం మానేసి ఫోన్ నంబరుతో వెతకండి. కొడుకు నంబరు, కూతురి నంబరు కూడా కొట్టి చూడండి. పేరుతోనే వెతకాలంటే మొదటి మూడక్షరాలతో ఆపండి, పూర్తి పేరు కొట్టొద్దు. రెండు నంబర్లు దొరికితే మీరే ఏదో ఒకటి ఎంచుకోకుండా మెడికల్ రికార్డ్స్ వాళ్ళకు చెప్పి ఒక్కటిగా కలిపించండి.

తిరుపతిలో ఇంకో రకం పేషెంట్లు వస్తారు. అలిపిరి నుంచి మెట్లెక్కుతూ పడిపోయినవాళ్ళు, బ్రహ్మోత్సవాల రద్దీలో తమవాళ్ళ నుంచి తప్పిపోయి స్పృహ లేకుండా వచ్చినవాళ్ళు. పేరు తెలియదు, స్పృహ వచ్చాక మాట్లాడేది తమిళమో కన్నడమో. వాళ్ళను తాత్కాలిక నంబరుతో "గుర్తు తెలియని పురుషుడు" అని చేర్చుకుంటారు. ఒకే రాత్రి అలాంటివాళ్ళు ఇద్దరుంటే? వచ్చిన టైమ్, అంచనా వయసు, మచ్చలు, గుండు చేయించుకున్నారా లేదా, ఏ రంగు బట్టలు, ఇవన్నీ మొదటి నోట్‌లోనే రాయండి. తమవాళ్ళు వచ్చి పేరు చెప్పాక కొత్తగా రిజిస్టర్ చేయొద్దు. ఆ తాత్కాలిక నంబరు మీదే పేరు మార్పించండి. లేకపోతే రాత్రి ఎక్కించిన రక్తం వివరాలు ఒక ఫైల్లో, పొద్దున చేసే ట్రీట్‌మెంట్ ఇంకో ఫైల్లో ఉంటాయి.

వైటల్స్: మంచం దగ్గరే వేయండి

చాలా వార్డుల్లో జరిగే పని ఇది. బీపీ, పల్స్ లాంటి వైటల్స్ చూసి మైక్రోపోర్ టేపు ముక్క మీద రాసుకుని కోటు మీద అంటించుకుంటారు. పదిమందివి అయ్యాక స్టేషన్‌కు వచ్చి ఒకేసారి ఎక్కిస్తారు. ఆ ముక్క మీద పేరుండదు, బెడ్ నంబరు మాత్రమే ఉంటుంది. బెడ్ల సంగతి పైన చెప్పాను. చక్రాల బల్ల మీద కంప్యూటరో ట్యాబో ఉంటే దాన్ని మంచం దాకా తోసుకుపోండి. లేకపోతే ఇద్దరు ముగ్గురివి చూడగానే వచ్చి ఎక్కించి వెళ్ళండి. కాగితం మీద రాసుకోవాల్సి వస్తే యూహెచ్ఐడీ చివరి నాలుగంకెలు, టైమ్ కూడా రాయండి.

శ్వాస వేగం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఏ ఆసుపత్రి రికార్డు తీసినా ఆ గడిలో అందరికీ 18 లేదా 20 కనిపిస్తుంది. లెక్కపెట్టకుండా వేసిన అంకెలవి. ఇప్పుడు చాలా సాఫ్ట్‌వేర్లలో వైటల్స్ వేయగానే, పేషెంట్ పరిస్థితి దిగజారుతోందని ముందే హెచ్చరించే ఎర్లీ వార్నింగ్ స్కోర్ దానంతట అదే వస్తుంది. ఎక్కువగా వాడే న్యూస్ స్కోరును బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చింది, 2017లో సవరించింది. అందులో శ్వాస నిమిషానికి 12 నుంచి 20 దాకా ఉంటే పాయింట్లేమీ పడవు. 21 నుంచి 24 అయితే 2, 25గానీ అంతకు మించిగానీ ఉంటే 3. ఏ ఒక్క గడిలో 3 వచ్చినా పేషెంట్‌ను వెంటనే చూడాలని లెక్క. మొత్తం 5గానీ 6గానీ అయితే అర్జెంటు, 7గానీ అంతకు మించిగానీ అయితే ఎమర్జెన్సీ. ఇప్పుడు చూడండి. 26 సార్లు ఊపిరి తీస్తున్న మనిషికి మీరు 20 అని వేస్తే ఆ 3 పాయింట్లూ పోయినట్టే. కంప్యూటర్ ఆకుపచ్చ రంగు చూపిస్తుంది, రౌండ్స్‌లో ఆ బెడ్ దగ్గర ఎవరూ ఆగరు. పూర్తి నిమిషం లెక్కపెట్టండి. పల్స్ చూస్తున్నట్టు చేయి పట్టుకునే లెక్కపెట్టండి, మనం చూస్తున్నామని తెలిస్తే వాళ్ళ ఊపిరి మారిపోతుంది.

టెంపరేచర్ దగ్గర యూనిట్ చూసుకోండి. మనకు ఫారెన్‌హీట్ అలవాటు, సాఫ్ట్‌వేర్‌లో సెల్సియస్ పెట్టి ఉండొచ్చు. 101 డిగ్రీల జ్వరం సెల్సియస్‌లో 38.3. కొన్ని సాఫ్ట్‌వేర్లు 101ని ఒప్పుకోవు, కొన్ని ఒప్పేసుకుంటాయి. బరువు అంతకన్నా ముఖ్యం. తూచి వేసిన బరువా, అడిగి వేసిన బరువా రాయండి, ఎందుకంటే మందు మోతాదు లెక్క మొత్తం దాని మీదే నడుస్తుంది.

టైమ్, తేదీ

24 గంటల పద్ధతిలోనే వేయండి. మధ్యాహ్నం 12, రాత్రి 12 దగ్గర ఏఎం, పీఎం తారుమారవడం ఎప్పుడూ ఉండేదే.

నైట్ డ్యూటీలో ఒక తప్పు తరచూ జరుగుతుంది. రాత్రి 11:30కి పేషెంట్‌కు ఆయాసం వచ్చింది, డాక్టరు వచ్చి చూశారు, నెబ్యులైజేషన్ ఇచ్చారు. మీరు తీరిక దొరికి కంప్యూటర్ ముందు కూర్చునేసరికి 00:40. స్క్రీన్‌లో తేదీ అప్పటికే మారిపోయింది. మీరు టైమ్ మాత్రం 23:30 అని మార్చి సేవ్ చేస్తారు. అంటే వచ్చే రాత్రి జరగబోయేది ఇప్పుడే రాసినట్టు! టైమ్ వెనక్కి మార్చిన ప్రతిసారీ తేదీ గడి కూడా చూడండి. ఆలస్యంగా రాసేదాన్ని ఆలస్యంగా రాస్తున్నానని చెప్పడంలో తప్పేమీ లేదు. "23:30కి జరిగినది, 00:40కి రాస్తున్నాను" అని మొదటి వాక్యంగా పెట్టండి. మీరు ఎప్పుడు సేవ్ చేశారో సిస్టమ్‌లో ఎలాగూ ఉంటుంది.

పాము కాటు కేసులు మన జిల్లాల్లో చాలా వస్తాయి. వాటిలో టైమ్ విలువ బాగా తెలుస్తుంది. కరిచిన టైమ్, విషానికి విరుగుడైన యాంటీవెనమ్ మొదటి వయల్ మొదలుపెట్టిన టైమ్, 20 నిమిషాల్లో రక్తం గడ్డకడుతోందా అన్న పరీక్ష చూసిన టైమ్, ఇవి వరసగా ఉంటేనే మళ్ళీ పరీక్ష ఎప్పుడు చేయాలో, ఇంకా యాంటీవెనమ్ కావాలో లేదో డాక్టరు తేల్చగలరు. అన్నిటికీ ఒకే టైమ్ వేసి సేవ్ చేస్తే ఆ రికార్డు ఎందుకూ పనికిరాదు.

మందులు

పొద్దున 8 గంటల మందులన్నిటికీ 7:45కే కూర్చుని "ఇచ్చాము" అని టిక్ కొట్టేసి, ట్రాలీ తీసుకుని బయల్దేరడం కొన్నిచోట్ల చూస్తుంటాం. ఇది మానాల్సిందే. ట్రాలీ రెండో బెడ్ దగ్గర ఉండగానే తొమ్మిదో బెడ్ పేషెంట్‌ను స్కాన్‌కు తీసుకెళ్ళారనుకోండి. రికార్డులో మందు ఇచ్చినట్టే ఉంది, మనిషి కడుపులోకి మాత్రం వెళ్ళలేదు. తరవాత షిఫ్ట్ వాళ్ళు అడగరు కూడా. మింగాక టిక్ కొట్టండి. ఇవ్వలేకపోతే "ఇవ్వలేదు" నొక్కి కారణం ఎంచుకోండి: వాంతి అయింది, ఉపవాసంలో ఉన్నారు, వద్దన్నారు, స్టాక్ లేదు. కారణం రాసిన "ఇవ్వలేదు" డాక్టరుకు చాలా పనికొస్తుంది.

మందు పేరు ఎంచుకునేటప్పుడు లిస్టులో కిందికి దిగి ఆగిన చోట నొక్కేయొద్దు. డోపమైన్, డోబ్యుటమైన్ రెండింటికీ ఇంగ్లీషులో మొదటి రెండక్షరాలు ఒకటే. సెఫ్‌తో మొదలయ్యే యాంటీబయాటిక్స్ వరసగా కనిపిస్తాయి. కనీసం ఐదక్షరాలు కొట్టి, ఎంచుకున్నాక పేరు, బలం, ఇచ్చే దారి (నోటితోనా, ఇంజెక్షనా) మూడూ మళ్ళీ చదవండి.

ఇన్సులిన్ గురించి ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మన దగ్గర దొరికే వయల్స్‌లో ఎక్కువ భాగం మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, వాటికి ఎర్ర మూత సిరంజి. పెన్నులు, కార్ట్రిడ్జులు మిల్లీలీటరుకు 100 యూనిట్లవి. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజిలో 10 గీత దాకా తీస్తే లోపలికి వెళ్ళేది 25 యూనిట్లు. స్క్రీన్ మీద "10 యూనిట్లు" అనే ఉంటుంది. సిరంజి ఏదో స్క్రీన్‌కు తెలియదు, మీకే తెలుసు.

మందును కొలత ప్రకారం నరంలోకి ఎక్కించే ఇన్ఫ్యూజన్ పంపు లెక్కలు సాఫ్ట్‌వేరే చేసి ఇస్తున్నా ఒకసారి చేత్తో చేసి చూడండి. ఉదాహరణకు నోరాడ్రినలిన్ 4 మిల్లీగ్రాములు 50 మిల్లీలీటర్లలో కలిపాం. అంటే మిల్లీలీటరుకు 80 మైక్రోగ్రాములు. 60 కిలోల మనిషికి కిలోకు నిమిషానికి 0.1 మైక్రోగ్రామ్ ఆర్డరు. నిమిషానికి 6, గంటకు 360 మైక్రోగ్రాములు. 360ని 80తో భాగిస్తే గంటకు 4.5 మిల్లీలీటర్లు. స్క్రీన్ 45 చూపిస్తే పంపు నొక్కకండి. బరువు గడిలో 60కి బదులు 600 పడిందేమో, మందు కలిపిన తీరు వేరేగా ఎంచుకున్నారేమో చూడండి. మిల్లీగ్రాము, మైక్రోగ్రాము మధ్య తేడా వెయ్యి రెట్లు అన్నది ఎంత అలసిపోయి ఉన్నా మరవకూడదు. పూర్తి అంకె తరవాత చుక్క, సున్నా పెట్టొద్దు. 1.0 అని రాస్తే చుక్క కనబడక 10 అయిపోతుంది. చుక్క ముందు సున్నా మాత్రం తప్పకుండా ఉండాలి, .5 అని కాకుండా 0.5 అని.

ఏ మందు పడదో అడిగి రాసేటప్పుడు అలర్జీ అని ఉన్న గడిలోనే రాయండి. నర్సింగ్ నోట్స్‌లో ఎంత వివరంగా రాసినా, ఆ మందు ఆర్డర్ చేసేటప్పుడు ఎర్ర హెచ్చరిక రాదు. హెచ్చరిక వచ్చేది ఆ గడిలో ఉన్నదాన్ని బట్టే. "పెన్సిలిన్ పడదమ్మా" అన్నప్పుడు ఏమైందో కూడా అడగండి. దద్దుర్లా, మూతి వాచిందా, ఊపిరాడలేదా, ఒట్టి కడుపులో మంటా? అదీ రాయండి. ఏమీ లేదంటే గడి ఖాళీగా వదలకుండా "తెలిసిన అలర్జీ లేదు" ఎంచుకోండి. ఖాళీ గడి చూస్తే అడిగారో లేదో తెలియదు.

శాంపిళ్ళు

బార్‌కోడ్ స్టిక్కర్లు పొద్దున్నే అందరివీ ప్రింట్ తీసి, ట్యూబులకు ముందే అంటించి ట్రేలో పెట్టుకుని బయల్దేరొద్దు. రక్తం తీశాక, పేషెంట్ పక్కనే, పట్టీ చూసి అంటించండి. "కలెక్ట్ చేశాము" అన్న బటన్ కూడా అప్పుడే నొక్కాలి. ల్యాబ్ టైమ్ అక్కడి నుంచే లెక్క.

స్టిక్కర్ ఎంత సరిగ్గా ఉన్నా ట్యూబు తప్పయితే రిపోర్టు తప్పే. ఊదా మూత ట్యూబులో ఎక్కువైన రక్తాన్ని సీరమ్ ట్యూబులోకి ఒంపితే, అందులో రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏ వల్ల పొటాషియం ఉన్నదానికన్నా బాగా పెరిగి, కాల్షియం పడిపోయి కనిపిస్తుంది. నీలం మూత ట్యూబు గీత దాకా నిండాలి. క్రిటికల్ రిపోర్టు అని ల్యాబ్ నుంచి ఫోన్ వస్తే విన్న అంకెను వాళ్ళకే తిరిగి చదివి వినిపించండి. ఎవరు చెప్పారు, ఎన్ని గంటలకు, ఏ డాక్టరుకు చెప్పాం, ఆయన ఏమన్నారు, ఈ నాలుగూ నోట్‌లో ఉండాలి.

నోట్స్ రాసే తీరు

నిన్నటి నోట్ కాపీ చేసి ఇవాళ పేస్ట్ చేసే సౌకర్యం చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంది. పనిభారం ఉన్న వార్డుల్లో దాన్ని ఎందుకు వాడతారో నాకు తెలుసు. అయినా వాడొద్దంటాను. క్యాథెటర్ తీసేసిన మూడు రోజుల తరవాత కూడా "క్యాథెటర్ ఉంది, మూత్రం స్పష్టంగా ఉంది" అని వస్తున్న రికార్డును ఎవరు నమ్ముతారు? ఒక్కచోట అలా దొరికితే మీరు నిజంగా చూసి రాసిన మిగతా పదీ నమ్మరు.

"పేషెంట్ బాగున్నారు, మందులు ఇచ్చాము" అన్న నోట్ వల్ల ఎవరికీ ఏమీ తెలియదు. ఇలా రాయండి: "14:10. కుడి కాలి పుండు డ్రెస్సింగ్ మార్చాం. సుమారు 4 సెంటీమీటర్లు, అంచులు ఎర్రగా, పసుపు రంగు చీము కొద్దిగా, వాసన ఉంది. నొప్పి 10కి 6. డ్యూటీ డాక్టరుకు 14:20కి చెప్పాం. స్వాబ్ పంపమన్నారు, పంపాం." ఐదారు చిన్న వాక్యాలే. సాయంత్రం డ్యూటీకి వచ్చే సిస్టర్‌కు ఆ పుండు కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. రేపు అది పెరిగిందో తగ్గిందో చెప్పడానికీ ఆధారం ఉంటుంది. ఇంగ్లీషు గ్రామర్ గురించి టెన్షన్ పడొద్దు. చిన్న వాక్యాలు, అంకెలు, టైములు ఉంటే చాలు.

లాగిన్, ఫోన్, వాట్సాప్

మీ లాగిన్ మీదే. పక్క సిస్టర్‌కు పాస్‌వర్డ్ ఇవ్వడం స్నేహంగానే అనిపిస్తుంది. కానీ ఆ అమ్మాయి ఇచ్చిన ఇంజెక్షన్ మీ పేరు మీద రికార్డవుతుంది. ఎవరు, ఏ కంప్యూటర్ నుంచి, ఎన్ని గంటలకు తెరిచారో సిస్టమ్ లాగ్‌లో ఉంటుంది. కుర్చీలోంచి లేచేటప్పుడు విండోస్ బటన్ పట్టుకుని ఎల్ నొక్కండి, స్క్రీన్ లాక్ అవుతుంది. ఒక సెకను పని. పాస్‌వర్డ్ రాసిన చీటీ మానిటర్‌కు అంటించొద్దు. పాస్‌వర్డ్ తప్పని పదేపదే వస్తుంటే ముందు క్యాప్స్ లాక్, నమ్ లాక్ లైట్లు చూడండి.

వాట్సాప్ లేకుండా ఇవాళ ఏ వార్డూ నడవడం లేదు, ఆ మాట దాచి లాభం లేదు. రాత్రి ఈసీజీ ఫొటో పంపమని డాక్టరే అడుగుతారు. మీ ఆసుపత్రి అందుకు ఒప్పుకుంటేనే పంపండి. పేరు కనిపించకుండా కాగితం మడిచి ఫొటో తీసి, ఆ డాక్టరుకే పంపండి, గ్రూపులో పెట్టొద్దు. ఎవరిదో డాక్టరుకు ఫోన్‌లో చెప్పండి. ఆయన చెప్పిన ఆర్డరును తిరిగి చదివి, రికార్డులో టైముతో రాయండి. వాట్సాప్‌లో ఉన్నది కేస్ షీటులో ఉన్నట్టు కాదు. తరవాత ఫొటో తీసేయండి. మీ ఫోన్ గ్యాలరీ గూగుల్ ఫొటోస్‌కు బ్యాకప్ అవుతుంటే అక్కడి నుంచీ తీసేయాలి. వాట్సాప్ సెట్టింగుల్లో మీడియా విజిబిలిటీ ఆపేస్తే మీకు వచ్చిన ఫొటోలు గ్యాలరీలో చేరవు. మన దేశంలో 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. చట్టం సంగతి అలా ఉంచినా, మన అమ్మ పుండు ఫొటో ఎవరి ఫోన్‌లోనో ఉంటే మనం ఒప్పుకుంటామా?

ఊళ్ళో తెలిసినవాళ్ళు, పోలీసు బంధువులు, రాజకీయ నాయకుల మనుషులు "ఫలానా ఆయన రిపోర్టు చూసి చెప్పమ్మా" అని ఫోన్ చేస్తారు. మీ డ్యూటీలో లేని పేషెంట్ ఫైలు తెరవొద్దు. "డాక్టరు గారిని అడగండన్నా" అని మర్యాదగా చెప్పి పెట్టేయండి.

సర్వర్ ఆగినప్పుడు

కరెంటు పోవచ్చు, నెట్‌వర్క్ పోవచ్చు, అప్‌డేట్ కోసం రాత్రి రెండు గంటలు ఆపొచ్చు. ప్రతి వార్డులో ఒక ఫైలు సిద్ధంగా ఉండాలి: ఖాళీ వైటల్స్ షీట్లు, మందుల చార్టులు, ల్యాబ్ ఫారాలు. షిఫ్ట్ మొదట్లోనే పేషెంట్ల లిస్టు, ఆ పూట మందుల లిస్టు ఒక ప్రింట్ తీసి అందులో పెట్టండి. సర్వర్ పోయాక ప్రింట్ రాదు. షిఫ్ట్ అయ్యాక పాత ప్రింట్లను చెత్తబుట్టలో వేయకుండా చింపేయండి.

చేత్తో రాసేటప్పుడు యూనిట్లు అన్న మాట పూర్తిగా రాయండి. ఇంగ్లీషు యు అక్షరం ఒక్కటే పెడితే తొందరలో అది సున్నాలా కనిపించి 10 యూనిట్లు 100 అవుతుంది. సిస్టమ్ వచ్చాక ఎవరు ఎక్కిస్తారో ముందే పేరు చెప్పుకోండి. "ఎవరో ఒకరు" అనుకుంటే ఎవరూ ఎక్కించరు, లేదా ఇద్దరూ ఎక్కించి ఒకే డోసు రెండుసార్లు ఇచ్చినట్టు కనిపిస్తుంది. ఎక్కించిన కాగితం మీద సంతకం, టైమ్ పెట్టి ఫైల్లోనే ఉంచండి, పారేయొద్దు.

పథకాలు, అభా నంబరు

ఎన్టీఆర్ వైద్య సేవ అని పేరు మారినా మన పేషెంట్లు ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే అంటారు. అప్రూవల్ పని ఆసుపత్రిలో ఈ పథకం చూసే మిత్ర డెస్కు వాళ్ళది, కానీ వాళ్ళకు కావాల్సిన తేదీలు, నోట్లు మన దగ్గర నుంచే వెళ్తాయి. ఆపరేషన్ తేదీ ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంటే క్లెయిమ్ ఆగుతుంది, డిశ్చార్జి ఆలస్యమవుతుంది, పేషెంట్ బంధువులు వచ్చి మనల్నే అడుగుతారు. 2021 సెప్టెంబరు 27న దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఇచ్చే అభా (ఆరోగ్య ఖాతా) నంబరుకు 14 అంకెలు. మీ ఆసుపత్రి యూహెచ్ఐడీ వేరు, ఇది వేరు. ఒకదాని గడిలో ఇంకోటి వేయొద్దు. అభా తీసుకోవడం పేషెంట్ ఇష్టం. లేదని వైద్యం ఆపకూడదు.

ఎక్సెల్ ఎంత వస్తే చాలు? డ్యూటీ రోస్టరు వేయడం, ఎమర్జెన్సీ ట్రాలీ మందుల ఎక్స్‌పైరీ లిస్టును తేదీ ప్రకారం సర్దడం. ఈ రెండు చాలు. తేదీని అక్షరాలుగా కాకుండా తేదీగానే వేస్తే సార్ట్ నొక్కగానే ముందు అయిపోయేవి పైకి వస్తాయి.

సీనియర్ సిస్టర్లకు

మీలో చాలామంది 2021లో కొవిడ్ టీకాలప్పుడు కొవిన్‌లో వందలమంది పేర్లు ఎక్కించారు. అది వచ్చినవాళ్ళకు ఇది రాదనడం నేను ఒప్పుకోను. ఐటీ వాళ్ళను అడిగితే ట్రైనింగ్ లాగిన్, డెమో పేషెంట్ ఇస్తారు. అందులో ఏం నొక్కినా ఎవరికీ నష్టం లేదు. ఒక డ్యూటీలో ఒక్క పేజీ మాత్రం నేర్చుకోండి. ముందు వైటల్స్, అది బాగా వచ్చాక మందులు, తరవాత శాంపిళ్ళు. నేర్పే జూనియర్‌కు నా మాట ఒకటి: మౌస్ మీరు పట్టుకోవద్దు. "ఇటివ్వండక్కా, నేను చేసేస్తా" అంటే ఆ రోజు పని అవుతుంది, అక్కకు మాత్రం ఎప్పటికీ రాదు. మీరు పక్కన నిలబడండి, నొక్కేది ఆవిడే నొక్కాలి. దానికి బదులుగా ఊపిరి శబ్దం విని, చర్మం రంగు చూసి షాక్ పసిగట్టడం ఆవిడ దగ్గర నేర్చుకోండి. అంకె తప్పని స్క్రీన్ చూసి పట్టుకోగలిగేది ఆ కన్నున్నవాళ్ళే.

ఇంకొక్కటి. సాఫ్ట్‌వేర్‌లో ఏదైనా అడ్డంగా ఉంటే సర్దుకుపోవద్దు. అలర్జీ గడి మూడో పేజీలో దాక్కుని ఉందా, పిల్లల వార్డులో మందు ఆర్డరు పేజీ మీద బరువు కనిపించడం లేదా, ఇన్‌టేక్ అవుట్‌పుట్ (ఒంట్లోకి వెళ్ళిన, బయటికి వచ్చిన ద్రవాల) మొత్తం మీ షిఫ్ట్ టైముకు కాకుండా రాత్రి 12కు ముగుస్తోందా? డెమో పేషెంట్ మీద స్క్రీన్‌షాట్ తీసి, ఏ పనిలో ఎలా అడ్డం వస్తోందో రెండు వాక్యాలు రాసి, నర్సింగ్ సూపరింటెండెంట్ ద్వారా ఐటీకి పంపండి. కొత్త సాఫ్ట్‌వేర్ కొనే ముందు, ఉన్నది మార్చే ముందు జరిగే మీటింగులో ఒక వార్డు నర్సు కూర్చోవాలని కూడా ఆ కాగితంలోనే అడగండి. రోజంతా ఆ స్క్రీన్ల మీద పనిచేసేది మనమే కాబట్టి ఏ గడి ఎక్కడ ఉండాలో చెప్పే కుర్చీ మనకూ కావాలి.